పసుపు కట్టు కింద గీత

ఆ రోజుల్లో నేను ఏదైనా ఒకటి పట్టుకుంటే వదిలేవాణ్ణి కాదు. మా అమ్మ దాన్ని మొండితనం అనేది, నేను శాస్త్రీయ దృక్పథం అనేవాణ్ణి. తొంభైల చివర్లో బెంగళూరు బొమ్మనహళ్ళిలో ఒక రేకుల గదిలో అద్దెకుండేవాణ్ణి. చదివింది బాటనీ, దొరికింది గార్మెంట్స్‌లో చొక్కాలకు గుండీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే ఉద్యోగం. (డిగ్రీలో గుండీల మీద ఒక్క పాఠం కూడా లేదు.) ఓనరమ్మ గారి బటర్ ఫ్రూట్ (అదే, అవకాడో) చెట్టు నా గది మీదికంతా కొమ్మలు చాచి ఉండేది. ఆ నీడే లేకపోతే ఎండాకాలంలో రేకుల కింద నేను అప్పడంలా వేగిపోవలసిందే. అందుకే ఒక ఆదివారం పొద్దున ఆవిడ గొడ్డలి మనిషిని వెంటబెట్టుకుని రాగానే గదిలోంచి బయటికి ఉరికాను.

"ఇన్నేండ్లయింది, ఒగ కాయన్నా కాసిందాప్పా ఇది? సుమ్నే, ఊరికే ఆకులు రాల్చేదే పని. కొట్టిచ్చి ఇంకొగ రూము కట్టిస్తా" అంది. ఆవిడ బెంగళూరులోనే పుట్టి పెరిగిన తెలుగావిడ. భర్త పోయాక ఇంటిని ఒంటిచేత్తో నడుపుకొస్తున్న మనిషి, అన్న మాట వెనక్కి తీసుకునే రకం కాదు. నేను వెళ్ళి చెట్టుకు అడ్డంగా నిలబడ్డాను.

"ఒక్క ఏడాది టైమివ్వండమ్మా, కాయించి చూపిస్తాను. ఆకులు వండిన తిండంతా బెరడులోంచి కిందికి దిగి మానులో, వేర్లలో దాక్కుంటోంది. ఒక కొమ్మకు చుట్టూ సన్నగా బెరడు తీసేస్తే ఆ దారి మూసుకుపోతుంది. తిండి కొమ్మలోనే ఉండిపోయి పూతకు పనికొస్తుంది. నీళ్ళంటారా, అవి లోపలి చెక్కలోంచి పైకి వస్తూనే ఉంటాయి" అన్నాను.

"అయితే వేర్లు పస్తుండల్లనా?" అంది ఓనరమ్మ.

"మిగతా కొమ్మలు పెడతాయమ్మా. అన్నిటికీ గీత పెడితేనే వేర్లు మాడి చెట్టు పోయేది."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "వచ్చే ఏడు కాయ లేకుంటే చెట్టూ ఉండదు, నువ్వూ ఉండవు" అని గొడ్డలి మనిషిని పంపేసింది.

దసరా వెళ్ళగానే బ్లేడుతో ఒక కొమ్మకు ఉంగరంలా బెరడు తీశాను. మర్నాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి దాని మీద పసుపు పూసి, పాత చీర ముక్కతో కట్టు కట్టి ఉంది. "తోలు వొలిచి అట్లే వదిలేస్తావా? బిడ్డకైతే ఊరుకుంటావా?" అంది ఓనరమ్మ. నేను విప్పాను. ఆవిడ కట్టింది. మళ్ళీ విప్పాను, మళ్ళీ కట్టింది. (చీర ముక్కలు అయిపోతాయేమోనని ఆశపడ్డాను. ఆవిడ బీరువా సంగతి నాకప్పటికి తెలియదు.) చివరికి పసుపు వల్ల నష్టమేమీ లేదని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకుని ఊరుకున్నాను.

చలికాలం పోతుండగా ఆ ఒక్క కొమ్మ విరగబూసింది. ఎండలు ముదిరేసరికి దాని నిండా కాయలే. కాలరెగరేసుకుంటూ పెరట్లోకి వెళ్తే, ఓనరమ్మ పక్కింటావిడతో చెబుతోంది: "పసుపు కట్టు కట్టినా గదా, చూడు, ఆ కొమ్మే కాసుండాది. ఈ రూములో ఉండే అప్పకి చెప్తే నవ్వుతాండె. గొడ్డలోనికి ఇంక రావద్దని చెప్పిస్తి." నా ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవబోయి, ఆ ఆఖరి మాట చెవినపడి మూసేసుకున్నాను. వాదన గెలవాలా, చెట్టు బతకాలా అంటే నాకు చెట్టే కావాలి.

మళ్ళీ దసరాకు ఆవిడ కొమ్మకొక పసుపు కట్టు కట్టింది. చెట్టు ఆసుపత్రి వార్డులా తయారైంది. గీత లేని కట్టుకు కాయలు కాస్తాయా? కాయకపోతే మళ్ళీ గొడ్డలి. ఆవిడ మార్కెట్టుకు వెళ్ళిన వేళ చూసి, ఒక కొత్త కొమ్మ కట్టు విప్పి, కింద గీత గీసి, అచ్చం ఆవిడ ముడిలాంటి ముడే వేశాను. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఏటా ఇదే పని. కాపు నాది, పేరు పసుపుది. కంపెనీలో వంకర గుండీ కనిపిస్తే ఊరుకోని నేను ఇంటికొచ్చి అంత పెద్ద అబద్ధాన్ని నోరు మూసుకుని వినేవాణ్ణి.

పెళ్ళి కుదిరి, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఇల్లు చూసుకుని గది ఖాళీ చేస్తున్న రోజు ఓనరమ్మ నన్ను చెట్టు కిందికి పిలిచింది. ఒక చేతిలో పసుపు గిన్నె, ఇంకో చేతిలో కొత్త బ్లేడు.

"గీత ఎంత లోతు పోవల్లనో చూపిచ్చి పో అప్పా" అంది.

"మీకు తెలుసా అమ్మా?"

"నాది ఎడం చేతి వాటం. నా ముడి అట్లుండదు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్తివా? నేను మాత్రం యాల చెప్పల్ల?"

చూపించాను. ఆవిడ చెయ్యి నాకంటే స్థిరంగా తిరిగింది. "అన్నిటికీ గీయకండమ్మా" అని మొదలుపెట్టబోతే, "వేర్లకి కూడు పెట్టల్ల, గుర్తుండాదిలే" అని పసుపు పూయడం మొదలుపెట్టింది. ఆ ఒక్కసారి గుడ్డ కొస నేనే పట్టుకున్నాను.

ఇప్పుడు ఆ చెట్టు ఉందో లేదో తెలియదు. అన్నేళ్ళూ ఒక పెద్దావిడను ఏమార్చానని లోలోపల మురిసిపోయిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. నవ్వు ఆగాక ఆవిడ మీద బెంగొస్తుంది.