సున్నా రాయడానికి జంకిన చేతులు

మొన్న పంజాగుట్ట హోటల్లో పంటల తెగుళ్ల నిఘా మీదా, తిండిలో మందుల అవశేషాల లెక్కల మీదా శిక్షణ పెట్టి, పాతకాలపు మనిషినని నన్నూ పిలిచారు. పురుగు లేకపోతే సున్నా నొక్కాలని చెప్పగానే పిల్లలంతా టకటకా నొక్కేశారు. నాకు నవ్వాగలేదు. మా కాలంలో ఆ సున్నా కోసం నేను చేసిన యుద్ధం వాళ్లకేం తెలుసు!

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. చేతిలో ఎమ్మెస్సీ పట్టా, నోట్లో దానికంటే పొడుగు నాలుక. మైత్రీవనం వెనక సందులో అద్దె కంప్యూటర్ హాలు, పక్క గదిలో కోచింగ్ పిల్లల గోల. మండలాల నుంచి వచ్చిన వ్యవసాయ సిబ్బందికి, పొలంలో పురుగుల్ని లెక్కపెట్టి కంప్యూటర్లో ఎక్కించడం నేర్పాలి. చివరి రోజు వ్యవసాయ శాఖ పెద్దసారు వాళ్ల కాగితాలు చూసి ఒప్పుకుంటేనే నా తాత్కాలిక ఉద్యోగం నిలుస్తుంది.

వాళ్లు తెచ్చిన పాత కాగితాలు చూస్తే ఏ మొక్క మీద చూసినా ఒకటో రెండో పురుగులు, ఒక్క సున్నా లేదు. అందరూ కాకా అని పిలిచే పెద్దాయన నిదానంగా సంగతి చెప్పాడు: సున్నా వేస్తే పొలానికే పోలేదని పైవాళ్లు అనుకుంటారట, అందుకని పురుగు కనబడకపోయినా ఒకటి వేయడం ఏళ్లనాటి ఆనవాయితీ. మీరు వేసిన ఒకటిని నమ్మి రైతు వంగతోటకు మందు కొడితే ఆ వంకాయ తినేది మీ పిల్లలూ నా తమ్ముళ్లూ కాదా అని నేను అరిచిన అరుపుకు పక్క గది కోచింగే ఆగిపోయింది.

కాక మాత్రం చలించలేదు. "నువ్వు చెప్పేది నిజమే బిడ్డా. గని మెమో ఇచ్చేది నువ్వు గాదు, సారు."

మర్నాడు అందరినీ బస్సెక్కించి ఎర్రగడ్డ రైతుబజారుకు తీసుకుపోయి, తలా పది వంకాయలు కొనిపించి, లోపల పురుగుల్ని లెక్కపెట్టమని అక్కడే గట్టు మీద కోయించాను. కూరగాయలమ్మే అక్క చూసి చూసి, "కూర వండుతరా, పంచనామా చేస్తరా?" అని అడిగితే పొట్టచెక్కలయ్యేలా నవ్వాం. కాక కోసిన పదీ మంచివే. కలం పట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరికి కోడిగుడ్డంత సున్నా చుట్టి, పక్కన సంతకం కూడా పెట్టాడు.

చివరి రోజు పెద్దసారు ఆ కాగితం చూసి మొహం చిట్లించాడు. నేను నోరు తెరిచేలోపే కాక లేచి నిలబడ్డాడు.

"పది కోసిన సార్. ఒక్కదాంట్ల సుత పురుగు లేదు. లేనిది లేదనే రాసిన."

సారు కాగితం మీద సంతకం చేశాడు. వెంటనే వెనక బెంచీల నుంచి నలుగురు తమ కాగితాలు జర వాపసు ఇమ్మని లేచారు! ఆ సాయంత్రం చాయ్ తాగుతూ, ఉద్యోగం నిలిచిందన్న సంబరంలో నేను ఎవరితోనైనా పోట్లాడ్డమే మరిచిపోయాను.

ఆ తర్వాత కొన్నేళ్లు కాక మండలం నుంచి కాగితాలు వచ్చేవి, ప్రతి సున్నా పక్కనా సంతకంతో. ఇప్పుడు లెక్కలన్నీ తెర మీద ఒకే అచ్చులో, తప్పుల్లేకుండా వస్తున్నాయి, మంచిదే. ఏ అంకె వేసేటప్పుడు ఎవరి చెయ్యి జంకిందో చూసి పోల్చుకునే భాగ్యం మాత్రం పోయింది.