బుధవారం అరగంట

రెండు నెలల కింద ఎముకల సాంద్రత పరీక్షకు వెళ్ళినప్పుడు, ఆ గదిలో పనిచేసే అమ్మాయి "పిన్నీసులు, గొలుసులు, నడుముకు తాళాలు ఏమన్నా ఉంటే తీసి కూడా వచ్చినవాళ్ళ చేతికిచ్చెయ్యండి పాటీ" అని, నన్ను అవ్వను చేసి పిలుస్తూ, తమిళంలో ఎంతో మర్యాదగా చెప్పగానే నాకు నవ్వు ఆగలేదు. నా నడుముకు తాళాలు లేవు. మా ఇంట్లో ఇప్పుడు తాళం వేసుకునేంత రహస్యమేదీ లేదు. రవికకున్న రెండు పిన్నీసులూ సెల్‌ఫోనూ కోడలి చేతిలో పెట్టి బల్ల మీద వెల్లకిలా పడుకున్నాను గానీ, ఆ యంత్రం చెయ్యి నా మీదుగా మెల్లగా జరుగుతున్నంతసేపూ నా మనసు పదిహేడేళ్ళ వెనక్కి, ఇలాంటి బల్ల మీదే పడుకున్న మా అత్తగారి దగ్గరికి వెళ్ళిపోయింది.

మాది పుదుచ్చేరిలో తరతరాలుగా పాతుకుపోయిన తెలుగు కుటుంబం. కోసపాళయంలో ఇల్లు, ఆ ఇంటికి నాలుగు వీధుల అవతల బియ్యం మండీ. ఇంట్లో తెలుగే మాట్లాడతాం గానీ ఆ తెలుగులో సగానికి సగం తమిళం కలిసి ఉంటుంది, అక్షరాలు వచ్చినవాళ్ళు మరీ తక్కువ. మా నాన్న పట్టుబట్టి దిద్దించబట్టి నాకీ నాలుగు ముక్కలు రాయడం వచ్చింది. నేను ఒక బడి ఆఫీసులో గుమాస్తాగా పనిచేసేదాన్ని. ఊరందరి ముందూ కుర్చీలో కూర్చుని రిజిస్టర్లు రాసి వచ్చిన నేనే, ఇంటికి రాగానే అత్తగారి ఎదుట కుర్చీ ముట్టేదాన్ని కాదు. ఇది ఎవరో పెట్టిన ఆజ్ఞ కాదు, మా ఇళ్ళల్లో అలా జరిగిపోయేది. ఆవిడ వసారాలో కుర్చీలో కూర్చుంటే నేను వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడేదాన్ని, బియ్యం ఎన్ని పొయ్యాలి, పాలు తోడేశావా, ఇంతవరకే మా మాటలు. ఆవిడ చెడ్డ మనిషి కాదు, నేనూ కాదు, అయినా ముప్పై ఏళ్ళు అలాగే గడిచిపోయాయి.

ఆవిడకు డెబ్బై నాలుగో ఏట ఒకరోజు పొద్దున వాకిట్లో నీళ్ళు చల్లుతూ గడప తగిలి తూలి, చెయ్యి నేలకు ఆనించారు. ఆ మాత్రానికే మణికట్టు విరిగింది. కట్టు కట్టిన డాక్టరమ్మకు, ఇంత చిన్నగా పడినందుకే ఎముక విరగడమేమిటని అనుమానం వచ్చి సాంద్రత పరీక్ష రాసింది. అక్కడే ఈ తాళాల రభస. ఆవిడ బొడ్లో ఎప్పుడూ ఒక తాళాల గుత్తి ఉండేది, స్నానానికి వెళితే తప్ప అది ఆ చోటు వదలగా నేను చూడలేదు. "పది నిమిషాలకు తాళాలు యాడికి పోతాయి, నా నడుముకే ఉండనీ" అని ఆ పిల్లతో తెలుగులోనే వాదనకు దిగి, ఇనుము అడ్డముంటే ఎముక కనబడదని నేను నచ్చజెప్పాక, గుత్తి తీసి నా అరచేతిలో పెట్టి "జాగర్త, యాడా పెట్టబాక" అన్నారు. ఆ గుత్తి నా చేతికి రావడం అదే మొదటిసారి. ఆవిడ బల్ల దిగీ దిగకముందే "ఏంది చూస్తాండావు, ఇట్ల తే" అని లాక్కుని దోపేసుకున్నారు. నాకు కోపమొచ్చింది, నవ్వూ వచ్చింది.

ఫలితం చూసి డాక్టరమ్మ మొహం చిట్లించింది. వెన్నులో మైనస్ మూడు పాయింట్ ఒకటి. మైనస్ రెండున్నర దాటితేనే ఎముక గుల్లబారినట్టట. ఈసారి పడితే విరిగేది చెయ్యి కాదు, తుంటి అని చెప్పింది. ఆ మాటకు మా అత్తగారు ఒక్కసారిగా మెత్తబడిపోయారు. ఆవిడ తల్లి తుంటి విరిగి మూడేళ్ళు మంచాన ఉందనీ, ఎత్తి కూర్చోబెట్టేవాళ్ళ మొహాలు చూసి రోజూ ఏడ్చేదనీ మావారు ఎప్పుడో చెప్పగా విన్నాను. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో ఆవిడ "చావైనా మేలు గానీ ఒకరి చేత ఎత్తించుకునే బతుకు నాకొద్దు" అని బయటికి చూస్తూ అన్నారు. అది నాతో అన్నారో, దేవుడితో అన్నారో తెలియదు.

వారానికొక మాత్ర. పొద్దున పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్ళతో మింగాలి, ఆ తర్వాత అరగంట వంగకూడదు, పడుకోకూడదు, కాఫీ అయినా తాగకూడదు. ఏ రోజు పెట్టుకుంటారో పెట్టుకోండి గానీ ప్రతివారం అదే రోజు ఉండాలి అంది డాక్టరమ్మ. నేనక్కడే గొప్ప తెలివి చూపించాను. శనివారం పెరుమాళ్ళకు ఆవిడ ఒక్కపొద్దు, పూజ అయ్యేదాకా ఎలాగూ ఏమీ తినరు, కాబట్టి శనివారమైతే పరగడుపుకు దిగుల్లేదని చెప్పాను. ఆఫీసు బుర్ర అంటే ఇదీ అని మావారు కూడా మెచ్చుకున్నారు. ప్రతి శనివారం బడికి వెళ్ళేముందు ఒక మాత్ర చిన్న మూతలో వేసి, పక్కన గ్లాసుతో నీళ్ళు పెట్టి వెళ్ళేదాన్ని. మధ్యాహ్నం వచ్చేసరికి మూతా గ్లాసూ రెండూ ఖాళీ. కురుచికుప్పం నుంచి వచ్చే చేపలమ్మ దగ్గర ముల్లుతో సహా నమిలే చిన్న చేపలు కొని, శనివారం తప్పించి మిగతా రోజుల్లో పులుసు పెట్టేదాన్ని. రాగిసంకటి చేసేదాన్ని. నాకు తెలిసినంతలో ఏ లోపమూ చేయలేదు.

ఏడాది తర్వాత మళ్ళీ పరీక్ష చేస్తే మైనస్ మూడు పాయింట్ నాలుగు. పెరగాల్సింది తరిగింది. మావారు ఆ కాగితం చూసి, అక్కడే నలుగురిలో, "నువ్వు సరిగ్గా ఇస్తాండావా లేదా" అని నా మీద ఎగిరారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, ఇచ్చానని నాకు తెలుసు. మా అత్తగారు తలవంచుకుని పమిట అంచు మడత పెడుతూ కూర్చున్నారు, మాత్ర వేసుకుంటున్నారా అని డాక్టరమ్మ అడిగితే ఆఁ ఆఁ అని మాత్రం అన్నారు.

ఆ డాక్టరమ్మకు నేను ఈ రోజుకీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. ఆవిడ ఇంకేమీ అడక్కుండా, సొరుగులోంచి ఒక ఉత్త పిప్పరమెంటు బిళ్ళ తీసి బల్ల మీద పెట్టి, గ్లాసులో నీళ్ళు పోసి, ఇది మీ మాత్ర అనుకోండి, ఇంట్లో ఎలా వేసుకుంటారో నాకు చేసి చూపించండి అంది. ఎవరైనా అడిగితే ఆఁ అనెయ్యగలరు గానీ, చేసి చూపించమంటే మా అత్తగారికి దొంగ నటన చేతకాదు. కాసేపు ఆ బిళ్ళ వైపే చూశారు. తర్వాత కొంగు తలమీదుగా కప్పుకుని, బిళ్ళను నాలుక మీద వేసుకుని, గ్లాసు ఎత్తకుండా, కుడి అరచెయ్యి పుడిసిలిగా పట్టి, ఎడమచేతి వేళ్ళతో గ్లాసులోంచి కాసిని నీళ్ళు ఉద్ధరిణెతో పోసినట్టు పోసుకుని మింగి, తడిచేతిని నెత్తికి రాసుకుని, కుర్చీలోంచి లేచి మెల్లగా మోకాళ్ళ మీదికి వంగబోయారు. నేను పరిగెత్తి పట్టుకున్నాను.

నాకప్పుడు గానీ వెలగలేదు. శనివారం పూజ అయ్యేదాకా ఆవిడ అన్నమే కాదు, మంచినీళ్ళు కూడా ముట్టరు. అందుకని మాత్రను పూజ దాకా ఆపి, తులసితీర్థంతో పాటు ఉద్ధరిణెడు నీళ్ళతో మింగి, వెంటనే నుదురు నేలకానించి మొక్కి, ఆ పళాన ప్రసాదం పొంగలి నోట్లో వేసుకునేవారు. నేను పెట్టి వెళ్ళిన గ్లాసు నీళ్ళు పెరట్లో తులసికి పోసేవారు. ఆ ఏడంతా తులసి ఎందుకంత గుబురుగా పెరిగిందో కూడా అప్పుడే తెలిసింది. "స్వామి తీర్థం కన్నా మంచినీళ్ళు యాడుండాయి" అని ఆవిడ డాక్టరమ్మనే ఎదురడిగారు. డాక్టరమ్మ నవ్వలేదు, తీర్థం మంచిదే, కాకపోతే ఈ మాత్రకు అది చాలదు, గొంతులోనే ఆగి పుండు చేస్తుంది అని తమిళంలో నిదానంగా చెప్పింది. అప్పుడు మిగతాది కూడా బయటపడింది. నాలుగైదు వారాలకే ఆవిడకు నెంజంతా, అంటే రొమ్మంతా, మంట మొదలై, ఆ తర్వాత మాత్ర మింగడమే మానేసి, పారేయడానికి మనసొప్పక పెరుమాళ్ళ పటం వెనకున్న కర్పూరం డబ్బాలో వేస్తూ వచ్చారు.

ఇంటికి వచ్చాక, మావారు మండీకి వెళ్ళిపోయాక, వంటింటి గుమ్మం దగ్గర నిలబడే అడిగాను, మంటగా ఉందని నాకొక్కదానికి చెప్పకూడదా అత్తా అని. ఆవిడ నా వైపు చూడకుండా "చెప్తే వాడు నీ మింద ఎగురుతాడు గదమ్మణ్ణీ. శనివారమని ముచ్చటగా పెట్టింది నువ్వు గదా" అన్నారు. తన తల్లిలాగా మంచాన పడతానని అంత భయపడే మనిషి, నా తెలివి తప్పని తేలకుండా ఉండటానికి ఏడాదిపాటు ఆ భయాన్ని నడుముకు కట్టుకుని తిరిగారు. తీరా ఆ రోజు ఆసుపత్రిలో నాకు మాట పడనే పడింది, ఆవిడ కాపాడాలని చూసింది జరగనే జరగలేదు. ఆ రాత్రి ఇద్దరం సరిగ్గా తినలేదని గుర్తు.

గొంతులో పుండు మానడానికి కొన్నాళ్ళు ఆగి మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు, డాక్టరమ్మ ఈసారి దేవుళ్ళందరినీ అడిగి రోజు పెట్టుకుందాం అంది. సోమవారం శివుడికి, మంగళవారం అమ్మవారికి, గురువారం మా ఆడపడుచు కోసం మొక్కిన మొక్కు, శుక్రవారం లక్ష్మికి, శనివారం సరేసరి, ఆదివారం తలంటి, ఆ నూనె తలతో మాత్ర వేసుకోనన్నారు. వారమంతా వెతికితే ఏ దేవుడూ అడగని రోజు బుధవారం ఒక్కటే మిగిలింది. పైగా డాక్టరమ్మ నా వైపు తిరిగి, ఆ అరగంటా నువ్వు పక్కనే ఉండాలి, నిటారుగా కూర్చోబెట్టే పూచీ నీది అంది.

మొదటి బుధవారం ఆరు గంటలకు నిండు గ్లాసు చేతికిచ్చి, ఆవిడ గటగటా తాగాక, అలవాటు ప్రకారం గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. అయిదు నిమిషాలు గడిచాయి. ఆవిడ తలెత్తి చూసి చూసి "కూచో అమ్మణ్ణీ, నిన్ను చూసేకి నాకు మెడ నొస్తాంది" అన్నారు. నేలమీద కూర్చోబోతే "ఆడ కాదు, ఈడ" అని ఎదుటి కుర్చీ చూపించారు. కూర్చున్నాను గానీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ వారం ఇద్దరం గడియారం చూడటంతోనే సరిపోయింది. మూడో వారమో నాలుగో వారమో ఆవిడే మొదలుపెట్టారు. చిన్నప్పుడు వీరాంపట్టినం తిరునాళ్ళలో తప్పిపోయి, ఎవరో బెస్తవాళ్ళ ఇంట్లో ఎండుచేపలతో గంజి తాగి, అమ్మ వచ్చి తీసుకుపోతుంటే రానని ఏడ్చిన సంగతి. ఆపైన తల్లి మంచాన ఉన్న ఆ మూడేళ్ళ సంగతి, ఆఖర్లో తనకే విసుగొచ్చి ఒకసారి కసురుకున్న సంగతి. ఆ మాట ఎవరికీ చెప్పలేదని అన్నారు. నేను కూడా, మా అమ్మకు సైతం చెప్పని మాటలు ఆవిడకు చెప్పాను. అత్తా కోడళ్ళం ముప్పై ఏళ్ళకు గానీ పరిచయం కాలేదు, అదీ ఒక మాత్ర పుణ్యమా అని.

మరో రెండేళ్ళకు మూడో పరీక్ష. గది బయట ఆ పిల్ల నోరు తెరవకముందే ఆవిడ గుత్తి తీసి నా చేతిలో పెట్టి లోపలికి నడిచారు. ఫలితం మైనస్ రెండు పాయింట్ ఎనిమిది. బాగా పెరిగిందని, ఈ వయసులో తరక్కుండా ఉన్నా సంతోషించాల్సిందేనని డాక్టరమ్మ చెప్పింది. ఆటో ఎక్కాక గుత్తి తిరిగి ఇవ్వబోతే ఆవిడ బయటికి చూస్తూ కూర్చున్నారు గానీ చెయ్యి చాపలేదు. ఇంటికి వచ్చాకా అడగలేదు, మర్నాడూ అడగలేదు. ఆ తాళాల విషయం మా మధ్య మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

అయిదేళ్ళు నిండాక ఇక మాత్ర ఆపొచ్చన్నారు. ఆ తర్వాతి బుధవారం ఆరింటికి నేను కాఫీ డికాషన్ దించి, ఈ రోజునుంచి ఆవిడకు ఎదురుచూపు లేదు కదా అని వేడిగా కలిపి తీసుకెళ్ళబోతే, ఆవిడ అప్పటికే తన కుర్చీలో నిటారుగా, చేతిలో నిండు గ్లాసు మంచినీళ్ళతో కూర్చుని ఉన్నారు. "అరగంట అయినాక కలపొచ్చులే కాపీ" అన్నారు. మాత్ర లేని ఆ బుధవారాలు మూడేళ్ళకు పైగా నడిచాయి. ఎనభై మూడో ఏట, నాలుగు రోజుల జ్వరంతో వెళ్ళిపోయారు. మూడో రోజు దాకా తన కాళ్ళ మీద తానే నడిచి పెరట్లోకి వెళ్ళొచ్చారు. ఎవరి చేతా ఎత్తించుకోలేదు.

ఇప్పుడు నా వంతు వచ్చింది. నా కాగితంలో మైనస్ రెండు పాయింట్ ఏడు చూసి, అదే రకం మాత్ర, అవే జాగ్రత్తలు రాసిచ్చారు. ఏ రోజు పెట్టుకుందాం అత్తా అని కోడలు అడిగితే, బుధవారమని ఆలోచించకుండా చెప్పేశాను. కోడలు బంగారం. నా ఎదుట కుర్చీలో కూర్చోవడానికి దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, కూర్చుని కాళ్ళూపుతూ కబుర్లు చెబుతుంది, చూడటానికి నాకెంతో ముచ్చటగా ఉంటుంది. కానీ ఉద్యోగానికి ఆరున్నరకల్లా కడలూరు బస్సులో ఉండాలి పాపం. అందుకని నా సెల్‌ఫోనులో రెండు గంటలు మోగేట్టు పెట్టి వెళుతుంది, ఒకటి మాత్రకు, రెండోది అరగంట అయిందని చెప్పడానికి. మావారు ఆ వేళకు బీచిలో నడకలో ఉంటారు. మా అత్తగారికి మొదట్లో ఎంతకీ గడవని ఆ అరగంట నాకు ఇట్టే అయిపోతోంది. రెండో గంట మోగుతుంది. నేను వెంటనే లేవను. ఖాళీగా ఉన్న ఎదుటి కుర్చీ వైపు తిరిగి, కాఫీ కలిపేదా అత్తా అని అడిగి, అప్పుడు లేస్తాను.