మావగారి వ్యాసపీఠం

నేను మొట్టమొదట చేసిన వస్తువు భోజనానికి కూర్చునే పీట. దాని మీద కూర్చున్నవాడు చారు దగ్గరకొచ్చేసరికి పక్కవాడి విస్తట్లో తేలేవాడు, అంత వాలుండేది. చుట్టాలు మరీ ఎక్కువ రోజులు ఉండిపోతే మా ఆవిడ ఆ పీటే వేసేది. మర్నాడు పొద్దున్నే పడవ రేవుకి బయలుదేరేవారు. ఇంత ఉపకారం చేసిన పీటని ఎవరూ మెచ్చుకోలేదు.

చెక్కపని నా కులవృత్తి కాదు, కూటి విద్యా కాదు. కూడు కొబ్బరిచెట్లు పెట్టేవి. ఇసుకలో అక్షరాలు దిద్దే రోజుల్లోనే నేనూ బడీ ఒకరినొకరు వదిలేసి ఇద్దరం సుఖపడ్డాం. ఆ తరవాత నా చేతులకి నచ్చిన పని ఇదొక్కటే. మా వీధి చివర ముసలి వడ్రంగి చేతులు వణికి పని మానేసినప్పుడు తన ఉలులు, చిత్రిక, రంపం, కొడతి ఒక బుట్టలో వేసి నాకిచ్చాడు. "తుప్పుపట్టడం కంటే మీ చేతిలో పడ్డమే కాస్త నయం గదండీ బాబుగారూ" అన్నాడు. ఆ 'కాస్త' అన్న మాటని నేను మెప్పుగానే పుచ్చుకున్నాను.

మా మావగారు పురాణం చెప్పేవారు. ఉండేది పక్క వీధిలోనే. చెన్నపట్నం నుంచి తెప్పించుకున్న అచ్చు పుస్తకం ఆయనకి పంచప్రాణాలు. దాన్ని పెట్టి చదివే వ్యాసపీఠాన్ని చెదలు తినేశాయి. భోజనాల దగ్గర ఆ మాట రాగానే "నేను చేసిపెడతానండి" అన్నాను. మావగారు నా పీట మీద నిలదొక్కుకుంటూ "మీరాండీ?" అన్నారు.

వ్యాసపీఠమంటే ఆషామాషీ కాదు. మేకు కొట్టకూడదు, జిగురు పెట్టకూడదు, అంతా ఒకే పలక. పలక నడుమ, రెండు చేతుల వేళ్ళు ఒకదాన్లో ఒకటి జొనిపినట్టు పళ్ళు చెక్కాలి. తరవాత పలకని రెండు చివరల నుంచీ మందంలో రెండు రేకులుగా రంపంతో చీల్చుకుంటూ ఆ పళ్ళ దాకా రావాలి. అన్నీ కుదిరితే మెల్లిగా తిప్పగానే పలక కత్తెరలా విచ్చుకుని నిలబడుతుంది. కుదరకపోతే పొయ్యిలోకి రెండు పుల్లలు.

పనస పలక తెచ్చి ఎండాకాలంలో ముగించాను. పళ్ళ మధ్య వెంట్రుక దూరదు. ఆ బిగువు చూసుకుని మురిసిపోయి, వీధి వీధంతా తిరిగి విప్పి మూసి చూపించాను. చూడనివాళ్ళని పిలిచి మరీ చూపించాను.

వానాకాలం వచ్చింది. మావగారు అరుగు మీద జనం ముందు కూర్చుని పీఠం విప్పబోయారు. అది విచ్చుకోలేదు.

"అల్లుడు గారూ, దీనికేమైనా మంత్రం ఉందాండీ?"

జనం నవ్వారు. నేను వెళ్ళి పట్టుకుని లాగాను. టప్పుమని పీఠం పన్నొకటి విరిగింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. ఇంటికొచ్చి పనిముట్ల బుట్టకి తాడు బిగించింది.

"కార్తీకానికి ఇంకోటి చెయ్యండి. అదీ ఇలాగే అఘోరిస్తే ఈ బుట్ట ఆ వడ్రంగి తాతగారింటికి పోతుంది. మా నాన్నగారు నలుగుర్లో చిన్నబోతే నేను చూళ్ళేను."

"మరి నేను చిన్నబోతేనో?"

"మీరెప్పుడు చిన్నబోయారు గనకండీ!"

అన్నం మానమన్నా ఇంత బెంగపడేవాణ్ణి కాదు. విరిగిన పీఠం పట్టుకుని వడ్రంగి దగ్గరికి పరుగెత్తాను. ఆయన దాన్ని ఒకసారి తడిమి, "బిగువు చూసుకుని మురిసిపోయారండి. కాలవలు తవ్వాక మన ఊళ్ళో గాలే తడిగా ఉంటంది. చెక్క నీళ్ళు తాగి ఒళ్ళు చేసుద్దండి బాబూ. దానికి చోటు వదలాలి" అన్నాడు.

"ఎంత వదలాలేంటి?"

"అది చేతికి తెలవాలండి."

నా చేతికి తెలియదు గనక చేతికి ఒక కొలత ఇద్దామనుకున్నాను. కొత్త పలకని వంటింటి అటక మీద పొగలో ఆరబెట్టి పళ్ళు చెక్కాను. ప్రతి రెండు పళ్ళ మధ్యా ఎండిన తాటాకు ముక్క దూర్చి చూశాను. ఇరుక్కుంటే ఇంకొంచెం చెక్కాను, జారిపడేలా ఉంటే ఆగిపోయాను. బడిలో రాసుకోమని తాటాకిస్తే బూర చేసుకుని ఊదినవాణ్ణి. తాటాకు ఎందుకు పనికొస్తుందో నాకు అప్పటికి తెలిసొచ్చింది. పని చూడ్డానికొచ్చిన వడ్రంగి ఆ ఆకుముక్కని అటూ ఇటూ తిప్పి చూసి మొలలో దోపుకున్నాడు. ఆ దొంగతనం నాకు సన్మానం కింద లెక్క.

కార్తీకంలో పురాణం మొదలుపెట్టే నాటికి ముసురు పట్టింది. తెల్లారగట్ల నుంచీ వదలని జల్లు. అరుగు చెమర్చింది, స్తంభాలు చెమర్చాయి, అందరికంటే ఎక్కువగా నేను చెమర్చాను. మావగారు పీఠాన్ని ఒళ్ళో పెట్టుకుని నా వంక చూశారు. తలుపు వెనక మా ఆవిడ గాజుల చప్పుడు ఆగిపోయింది.

ఆయన రెండు బొటనవేళ్ళతో తిప్పారు. పీఠం కిర్రుమనైనా అనకుండా విచ్చుకుంది. దాన్ని నేల మీద నిలబెట్టి, అరచేత్తో ఒకసారి నొక్కి చూసి, అంత బరువు పుస్తకాన్నీ దాని మీద పెట్టి చదవడం మొదలుపెట్టారు.

అయ్యాక అందరూ వింటుండగా అడిగారు: "అల్లుడు గారూ, ఇవాళ కథలో ఏం గ్రహించారండీ?"

"కథ సంగతి తెలీదండి. పీఠం మాత్రం కదల్లేదు. అదే వింటూ కూర్చున్నాను."

మావగారు కడుపుబ్బ నవ్వారు. నవ్వుతూనే పీఠాన్ని మూసి, పుస్తకంతో పాటు పట్టు ఉత్తరీయంలో చుట్టుకున్నారు. చెదలు తిన్న పాత పీఠాన్నైతే ఉత్తినే చంకలో పెట్టుకుపోయేవారు.

ఇంటికెళ్ళేసరికి వసారాలో బుట్ట తాడు విప్పి ఉంది. దాని మీద నా భోజనం పీట బోర్లించి ఉంది.

"రేపు మా నాన్నగారు భోజనానికొస్తున్నారు" అంది మా ఆవిడ వంటింట్లోంచి. "దాని వాలు సంగతేంటో చూడండి."

ఉలి తీశాను.