తల ఎత్తున కొట్టిన మేకు

కంభం బస్టాండు వెనక వీధిలో నాది మిషన్ల రిపేరు దుకాణం. మందు కొట్టే మిషన్లు, బోరు మోటార్లు, చెట్లు కోసే మిషన్లు వస్తుంటాయి. కోసే మిషను తెచ్చినవాడి పనితనం తెలుసుకోవాలంటే నేను అతని మాటలు వినను. చైను విప్పి పళ్ళు చూస్తాను. ఒక వరస పళ్ళు పొడుగ్గా, ఇంకో వరస పొట్టిగా అరిగి ఉంటే ఆ మిషను మానును వంకరగా కోస్తుంది. తెచ్చినవాడు మాత్రం ఇంజన్లోనే ఏదో తేడా ఉందని వాదిస్తాడు. ఈ పద్దెనిమిదేళ్ళలో రెండు వరసల పళ్ళూ ఒక్క తీరుగా ఉన్న చైను తెచ్చింది ఎర్రయ్య ఒక్కడే.

ఎర్రయ్యది గిద్దలూరు రోడ్డు మీద, కంభం పక్క ఊరు. పోయిన ఏటికి అరవై ఆరేళ్ళు. పన్నెండేళ్ళప్పుడు గొడ్డలి పట్టాడు, పెళ్ళయినాక ఇద్దరు లాగే రంపం పట్టాడు, యాభై దాటినాక మిషను కొన్నాడు. పెళ్ళి వంటకు కట్టెలు కావాలంటే తుమ్మ తెచ్చేవాడు. ఇటుక బట్టీకి సర్కారు తుమ్మ, ఊళ్ళో ఎవరన్నా పోతే వేప. చావింటి కట్టెకు కూలి తీసుకునేవాడు కాదు, ఇంటివాళ్ళు అడిగేదాకా ఆగేవాడూ కాదు. కబురు తెలిసిన గంటకు శ్మశానంలో కట్టెలు పేర్చి ఉండేవి. పచ్చి కట్టె ఒక్కటి కూడా కలిపేవాడు కాదు.

చైనుకు పదును పెట్టేటప్పుడు ఎర్రయ్య ప్రతి పంటికి ఆకురాయితో మూడు దెబ్బలు వేస్తాడు. నాలుగోది ఎప్పుడూ వేయడు. వేసిన తర్వాత బొటనవేలు పంటి మీద అడ్డంగా ఆనించి చూస్తాడు. ఆ వేలు ఒప్పుకుంటేనే పక్క పంటికి పోతాడు.

రెండేళ్ళ కిందట చలికాలంలో ఒక పొద్దున ఆయన నా దుకాణం ముందు బీడీ తాగుతూ కూర్చున్నాడు. వేళ్ళు కణుపుల దాకా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. మిషను అదురుకు ఏళ్ళ తరబడి చేతులిచ్చినవాళ్ళకు అట్లా అవుతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ బీడీ సంగతి మరిచిపోయాడు. అది కాలి కాలి వేళ్ళ దాకా వచ్చింది. చర్మం కాలిన వాసన నాకు తగిలింది గాని ఆయనకు తెలియలేదు. నేను "చిన్నాయనా, బీడీ" అన్నాను. చూసుకుని పారేసి, నా మొహం చూశాడు.

"ఏంది?"

"ఏం లేదు చిన్నాయనా."

నీ వేళ్ళకు స్పర్శ పోయిందన్న మాట నేను అననిది ఆ రోజు ఒక్కరోజే కాదు.

శివకృష్ణ ఆయన చెల్లెలి కొడుకు. ముప్పై అయిదేళ్ళవాడు, పదేళ్ళుగా మామతో తాడు పట్టే పనిలో ఉన్నాడు. చెట్టు పడే వైపు తాడు లాగడం, కొమ్మలు నరకడం, కట్టెలు ఎత్తడం వాడి పని. మిషను ముట్టుకోనిచ్చేవాడు కాదు ఎర్రయ్య. పోయిన వేసవిలో రోడ్డు వెడల్పు చేయడానికి రెండు వైపులా ఉన్న చింతచెట్లు కొట్టే పని వచ్చింది. అప్పుడు నా దుకాణంలోనే మామా అల్లుళ్ళకు మాట పెరిగింది.

"మామా, మిషను నాకియ్యి. నువ్వు తాడు పట్టుకో, నీడకు కూచో. వయసైంది, ఎవడన్నా ఏమన్నా అంటాడా?"

"నేను తాడు పట్టుకునేదిరా? తాడును కట్టె కూడా పట్టుకుంటది. దానికి మనిషెందుకు?"

"నేను పదేళ్ళు పట్టుకోలేదా?"

"అందుకే చెప్తాండా."

శివకృష్ణ మొహం నల్లబడింది. ఎర్రయ్య అది చూసి కొంచెం తగ్గాడు. తమ ఊరి ముందున్న పెద్ద చింతమాను తను పడేస్తానని, అది అనుకున్న గీత మీద పడకపోతే ఆ రోజే మిషను వాడి చేతిలో పెడతానని అన్నాడు. ఆ మానుకు ఒక పక్క కరెంటు తీగలు, ఇంకో పక్క ఒక పెంకుటిల్లు. మధ్యలో రోడ్డు పొడుగునా పడాలి. తప్పితే ఇల్లయినా పోతుంది, తీగలయినా పోతాయి.

"పడితే?" అన్నాడు శివకృష్ణ.

"పడితే నా చెయ్యి ఆడినన్నాళ్ళు మిషను గురించి మాట్లాడొద్దు."

అదీ పందెం. మిషను చేతిలో నుంచి పోతే ఆయన తాడు పట్టేవాడవుతాడు. అది ఆయనకు పనిలో ఒక మెట్టు దిగడం కాదు, పనిలోనుంచే పోవడం.

ఆ చింతమాను గురించి ఒకటి చెప్పాలి. నలభై ఏళ్ళ కిందట ఎర్రయ్య పెళ్ళాం సుబ్బులుకు తొలి కాన్పులో బిడ్డ పోయింది. మూడు నెలలు ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. గాలి పట్టిందన్నారు. కొమరోలు వైపు నుంచి ఒక భూతవైద్యుణ్ణి పిలిపించారు. ఆయన సుబ్బులును ఆ చింతమానుకు వీపు ఆనించి నిలబెట్టి, నడినెత్తి మీది వెంట్రుకలు జానెడు పొడుగు మేకుకు చుట్టి, ఆమె తల ఎత్తున మానులోకి కొట్టమన్నాడు. మొగుడే కొట్టాలన్నాడు. ఎర్రయ్య సుత్తి తీసుకుని కొట్టాడు. మేకు మాను లోపలికి మునిగినాక వెంట్రుకలు కత్తితో కోశారు. తర్వాత నెలకు సుబ్బులు మాట్లాడింది. గాలి వదిలిందన్నారు.

మేకులున్న మానును కోయడం ఎంత ప్రమాదమో కట్టె పనివాళ్ళందరికీ తెలుసు. మాను మేకును మింగుతుంది. పైన బెరడు కప్పుకుంటుంది. తిరిగే చైను దాని మీద పడితే ఏమైనా జరగవచ్చు. అందుకని ఎర్రయ్య కోసే ముందు గొడ్డలి వెనక వైపుతో మాను చుట్టూ తట్టేవాడు, తర్వాత అరచేత్తో తడిమేవాడు. మేకు మింగిన చోట బెరడు కింద కుంకుడుకాయంత బుడిపె ఉంటుంది. చింత బెరడు గరుకులో అది కంటికి ఆనదు. చేతికే తెలియాలి.

చింతమాను కొట్టే రోజు పొద్దున నేను కూడా చెట్టు దగ్గరికి వెళ్ళాను. మిషను కార్బొరేటరు విప్పి కట్టాను, కోతలో పెట్టి సరిచూడాలి. ఇంకొకటి కూడా ఉంది. చైను తెగితే వెనక్కి చేతి మీదికి రాకుండా పట్టుకునే చిన్న కొక్కెం ఒకటి ఉంటుంది, బొటనవేలంత ముక్క. అది విరిగి ఉంది. మార్కాపురం నుంచి రావడానికి రెండు రోజులు పడుతుందని చెప్పాను. "అది లేకుండానే నేను రెండేళ్ళు కోయలేదా?" అన్నాడు. మిషను ఇచ్చేశాను.

సుబ్బులు సంగటి గిన్నె తెచ్చింది. గిన్నె దించి, మాను చుట్టూ ఒకసారి తిరిగి, మొదలు దగ్గర నిలబడింది.

"ఏమయ్యా, ఆ మేకు చూసుకున్న్యావా?"

"నేను కొట్టిన మేకు నాకు తెలీదా? నీ తల ఎత్తున ఉంది. నేను కోసేది మోకాలెత్తున. పో, పక్కకు పో."

"కాదయ్యా, అది కిందికి దిగింది."

ఎర్రయ్య నా వైపు తిరిగి గట్టిగా నవ్వాడు. "ఇన్న్యావా మేస్త్రీ? మేకు దిగిందంట. దిగి యాడికి పోయింది, గిద్దలూరుకా?"

"నవ్వుతాండావు గాని..."

"చెట్టు పెరిగితే కొన పైకి పోతాది. మాను లావైతాది. కొట్టిన మేకు కొట్టిన తావునే ఉంటాది. ఎక్కదు, దిగదు. యాభై ఏండ్లు మాన్లు కోసినోనికి చెప్తాంది ఇది."

ఆయన చెప్పింది నిజం. మాను విషయంలో అక్షరం తప్పు లేదు. నేను కూడా నవ్వాను. శివకృష్ణ కూడా తాడు చుట్టుకుంటూ, "అత్తా, నువ్వు పోయి మేకును పైకెక్కమని చెప్పిరాపో" అన్నాడు. సుబ్బులు గిన్నె మీద పళ్ళెం మూసి దూరంగా పోయి కూర్చుంది.

ఎర్రయ్య తట్టాడు. అరచేయి పెట్టి మాను చుట్టూ తడిమాడు. నేను ఆ చేతినే చూస్తున్నాను. ఎండాకాలం కదా, వేళ్ళు తెల్లగా లేవు, మామూలుగానే ఉన్నాయి. చేయి ఎక్కడా ఆగలేదు. ఒకప్పుడు ఆ చేయి ప్రతి జానకూ ఆగేది.

పడే వైపు గాటు పెట్టాడు. నేను చూసిన గాట్లలో అంత శుభ్రమైనది లేదు. పుచ్చకాయ ముక్క తీసినట్టు వచ్చింది. తర్వాత వెనక్కి వచ్చి మోకాలెత్తున కోత మొదలుపెట్టాడు. మిషను మూరెడు లోపలికి దిగింది. పొట్టు తెల్లగా, పొడుగ్గా వస్తోంది. అంతలో పొట్టు నల్లబడింది. ఆ నలుపు నేనూ చూశాను, ఆయనా చూశాడు. ఇనుము నానిన కట్టె రంగు అది. ఆయన మిషను వెనక్కి లాగబోయాడు. నిప్పులు రాలాయి, కీచుమని ఒక శబ్దం వచ్చి చైను తెగింది.

ఇంజను ఆగిపోయింది. ఎర్రయ్య మిషను కింద పెట్టి, వంగి, కోతలోకి చూస్తున్నాడు.

"యాడిదిరా ఇది ఈడ?" అన్నాడు.

"చిన్నాయనా, చెయ్యి!"

"ఏంది చెయ్యి?" అని మానునే చూస్తున్నాడు. కుడి చేతి చివరి రెండు వేళ్ళు తోలుకు వేలాడుతున్నాయి. రక్తం మోచేయి దాకా కారింది. శివకృష్ణ పరిగెత్తుకొచ్చి చేయి పైకెత్తి చూపిస్తే అప్పుడు చూసుకున్నాడు. అరవలేదు. నొప్పి ఓర్చుకుంటున్నాడని అక్కడున్నవాళ్ళు అనుకున్నారు. నొప్పి తెలియలేదని నాకూ, వాడికీ అర్థమైంది. సుబ్బులుకు ముందే తెలుసనుకుంటాను. ఆమె పైట చింపి చేయి కడుతూ, మొగుడి మొహం చూడలేదు.

ఆటోలో మార్కాపురం తీసుకుపోయారు. వేళ్ళు అతకలేదు.

సగం కోసిన మానును అట్లా వదలకూడదు. గాలి వస్తే ఎటు పడుతుందో చెప్పలేం. నేను దుకాణానికి పోయి కొత్త చైను తెచ్చి వేశాను. శివకృష్ణ మేకుకు జానెడు పైన కోశాడు, మాను గాటు వైపు వాలేట్టు కోతలోకి ఇనుప చీలలు కొట్టాడు, తాడు మనుషులు లాగారు. మాను రోడ్డు పొడుగునా, ఎర్రయ్య గీసిన గీత మీద, బెత్తెడు కూడా తప్పకుండా పడింది. చెట్టు ఎటు పడాలో చెప్పేది గాటు. ఆ గాటు ఎర్రయ్యది. పందెం మాట ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం మిషను శివకృష్ణ ఇంటికి పోయింది.

నాలుగో రోజు సుబ్బులు నన్ను పిలిపించింది. మోడు దగ్గర నిలబడి ఉంది. "అబ్బాయ్, అది తీసియ్యి" అంది. ఉలి పెట్టి చుట్టూ చెక్కి మేకు తీశాను. సగం చైను కోసేసింది. వెంట్రుకలు ఎప్పుడో మట్టయిపోయి ఉంటాయి.

"చిన్నమ్మా, ఇది ఇంత కిందికి ఎట్లా వచ్చింది?"

ఆమె మోడు పక్కన నేలను కాలితో తట్టింది. "ఇది రోడ్డు మన్ను. మూడు తూర్లు పోసినారు. నాకు పెండ్లయిన కాడ ఈ మానుకు ఏర్లు పైకి ఉండేటివి. కట్టెల మోపు దించి ఆ ఏరు మింద కూచునేదాన్ని. ఇప్పుడు ఏర్లు యాడన్నా కనపడతాండాయా? మాను నడుము దాకా పూడింది. మేకు దిగింది అంటే నవ్వితిరి."

మేకు ముక్క ఆమె చేతిలో పెట్టాను.

"నాకేం గాలి పట్టలేదు అబ్బాయ్. బిడ్డ పోయింది. మాట్లాడబుద్ధి కాలేదు. అంతే. వెంట్రుకలు పట్టి మానుకు కొట్టినారు. అప్పుడూ నన్ను అడగలే, ఇప్పుడూ అడగలే." మేకు ముక్క పైట కొంగులో కట్టుకుని వెళ్ళిపోయింది. నలభై ఏళ్ళు ఆ రోడ్డు మీద కట్టెలు మోసిన మనిషికి ఆ మాను ఎంత పూడిందో తెలుసు. ఆమె మేకు గురించి తప్పుగా చెప్పింది, ప్రమాదం గురించి సరిగ్గా చెప్పింది. మేం తప్పు మాటను పట్టుకున్నాం.

రెండు నెలలకు ఎర్రయ్య నా దుకాణానికి వచ్చాడు. "ఊరికే కూచోలేను. చైన్లు రాకిస్తా, ఇయ్యి" అన్నాడు. మిగిలిన మూడు వేళ్ళతో ఆకురాయి పట్టుకున్నాడు. పంటికి మూడు దెబ్బలు. బొటనవేలు ఆనించి చూసి పక్క పంటికి పోతున్నాడు. రోజూ వచ్చేవాడు. శివకృష్ణ చైను కూడా ఆయనే రాకేవాడు, వాడు వచ్చి తీసుకునేటప్పుడు మాత్రం వాడితో మాట్లాడేవాడు కాదు.

ఆయన రాకిన పళ్ళు ఒక వరస ఎక్కువ అరిగేవి. వేలు ఒప్పుకుందనుకునేవాడు, ఆ వేలికి ఏమీ తెలియడం లేదు. మధ్యాహ్నం ఆయన అన్నానికి పోయినాక నేను చైన్లన్నీ మళ్ళీ రాకేవాణ్ణి. చెప్పే ధైర్యం లేక రెండు నెలలు అట్లాగే చేశాను. అది మర్యాద అనుకున్నాను.

ఒకరోజు గొడుగు మరిచిపోయి తిరిగి వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఉన్నట్టు నేను చూడలేదు. శివకృష్ణ చైను బిగించి పెట్టి, పంటి తర్వాత పన్ను రాకుతున్నాను.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

నేను ఆకురాయి కింద పెట్టాను. "చిన్నాయనా..."

"బీడీ కాలిననాడే నువ్వు చూసినావు. చూడలేదా?"

"చూసినా."

"పనోడివి కదా. చెప్పొచ్చు కదా."

గొడుగు తీసుకున్నాడు. చైనును ఒకసారి చేత్తో ఎత్తి, వెలుతురులో పెట్టి, కళ్ళతో పళ్ళు చూశాడు. ఏ పళ్ళు తను రాకినవో, ఏవి నేను మళ్ళీ రాకినవో ఆయనకు కనిపించింది. బిగింపులో దాన్ని మళ్ళీ సరిగ్గా కూర్చోబెట్టి వెళ్ళాడు.

మళ్ళీ రాలేదు. ఇప్పుడు శివకృష్ణ చెట్టు కోసే చోట ఎర్రయ్యే తాడు పట్టుకుని నిలబడుతున్నాడట. శివకృష్ణ చైను వంకరగా అరిగి వస్తోంది. రాకడం నేర్చుకొమ్మని వాడికి చెప్పాను. ఇంజన్లోనే ఏదో తేడా ఉందంటాడు.