ఊపిరి తీసిన బోరు

ఒక గూడెం మొత్తాన్ని పొద్దున్నే రోడ్డెక్కించి, అడవిలోకి ఫైరింజన్ రప్పించి, ఆఫీసులో నెలరోజులు తల దించుకు తిరిగిన ఘనుణ్ని నేనే. నవ్వండి, పర్వాలేదు. కానీ ఆ పొద్దున నా చోట మీరుంటే మీరూ అదే పని చేసేవారు.

సత్తుపల్లి దాటాక అడవి అంచున, బొగ్గు కోసం ఎప్పుడో వేసి వదిలేసిన బోర్లున్నాయి. వాటిలోంచి మీథేన్ వస్తోందేమో చూడటం నా పని. చేతిలో టార్చిలైటంత లేజర్ పరికరం. కిరణం ఎదుటి గోడకో రాతికో తగిలి తిరిగొస్తుంది. దారిలో మీథేన్ ఉంటే కొంత వెలుగును మింగేస్తుంది. ఎంత వెలుగు తగ్గిందో చూసి, గ్యాసు సాంద్రత లెక్కగడుతుంది. ఉద్యోగంలో చేరి రెండు వారాలే, పోజు మాత్రం ఇరవై ఏళ్ల సీనియర్‌ది.

ఆ రోజు మంచు ఎంత దట్టమంటే, నా చెయ్యి నాకే ఎవరిదో అనిపించింది. పిట్ట కూత కూడా లేదు. బోరు పైపు పక్కన నల్లటి బండ లీలగా కనిపిస్తే దానికి గురిపెట్టాను. సున్నా. హమ్మయ్య అనుకునేలోపు అంకె ఎగిరింది. మళ్లీ సున్నా. నిమిషం గడిచింది. మళ్లీ ఎగిరింది. ఈసారి నేల లోపలినుంచి వచ్చినట్టు, బరువైన నిట్టూర్పు.

"యాకూబ్ భాయ్, విన్నవా?"

"సార్, గది గ్యాసు కాదు. ఎవరో ఊపిరి తీస్తున్నరు," అంటూ మా జీపు డ్రైవర్ వెనక్కి నడవసాగాడు.

అంతలో మంచులోంచి కర్రతో ఒక పెద్దావిడ ఊడిపడింది. గూడెంలో ఉండే ముత్తక్క. "గా దిక్కు పోకుండ్రి సారూ. రాత్రి సంది గక్కడ ఏందో మూలుగుతుంది."

ఇక ఆగానా? గూడెంలోకి పరిగెత్తి, "పొయ్యిలు ఆర్పుండ్రి! బీడీలు పారెయ్యిండ్రి!" అని అరిచాను. ఉడుకుతున్న గంజి పొయ్యిల్లో పోశారు. పిల్లల్నీ మేకల్నీ తీసుకుని రోడ్డెక్కారు. ఒక బాలింత వణుకుతూ బిడ్డను కొంగులో దాచుకుంది.

మా పెద్దసారుకు ఫోన్ చేశాను.

"సాంద్రత ఎంత?"

"ఎక్కువ సార్... లేదు... మళ్లీ ఎక్కువ!"

"తాగినవా?"

"లేద్సార్!"

ఫైరింజన్ వెంటబెట్టుకుని ఆయన వచ్చేసరికి ఎండ పొడ తగిలి మంచు పలచబడింది. అందరం ఒంగి ఒంగి బోరు వైపు వెళ్లాం.

"యా అల్లా! బండకు చెవులున్నయ్!" అన్నాడు యాకూబ్.

బండ లేచి నిలబడింది. మెడతాడు బోరు పైపుకు చుట్టుకుపోయిన బర్రె!

"అయ్యో తల్లీ, నిన్నటి సంది అడవంత దేవులాడిన గదనే!" అని ముత్తక్క దాని మెడను వాటేసుకుంది.

సారు పరికరం లాక్కుని బోరు మీద పట్టారు. సున్నా. బర్రె మూతి ముందు పట్టారు. అది నెమరు ఆపి, తీరిగ్గా తేన్చింది. అంకె ఎగిరింది. నెమరువేసే జంతువుల కడుపులో మీథేన్ పుడుతుందని, నిమిషానికోసారి తేన్పుగా బయటికొస్తుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ని నేనే మరి!

రిపోర్టు ఫారం తీశాను. "సార్, 'గ్యాసు వెలువడుతున్న చోటు' దగ్గర ఏం రాయమంటరు?"

"నోరు అని రాయ్."

"ఎవరిది సార్?"

"బర్రెదా నీదా... నువ్వే తేల్చుకో!"

ఫైరింజన్ సాక్షిగా ఆ క్షణమే ప్రమాణం చేశాను: ఇక ఈ జన్మలో ఏ బండనైనా ముందు కర్రతో పొడిచి, అది లేచి నడవదని తేలాకే లేజర్ గురిపెడతాను.