ఉప్పు లేని మూడు నెలలు

బీపీ ఉన్నవాళ్ళకి ఒళ్ళు మండించే మాట ఒకటుంది. "టెన్షన్ పడకండి ఆంటీ." లిఫ్టులో అదే, ఫుడ్ కోర్టులో ఎదురుగా కూర్చుని అదే. అన్నవాళ్ళందర్నీ వరసపెట్టి దులిపెయ్యాలనిపించేది.

ఆరేళ్ళు ఒక్క బిళ్ళతో బుద్ధిగా ఉన్న నా బీపీ నిరుడు ఉన్నట్టుండి ఎదురు తిరిగింది. పాలీక్లినిక్‌లో డాక్టరమ్మ రెండో బిళ్ళ కలిపింది. దిగలేదు. మూడోది కలిపింది. అయినా ఇంట్లో మిషన్ నూట అరవైకి తగ్గనంది. ఇలాగే ఉంటే కిడ్నీలు దెబ్బతింటాయని ఆవిడ చెప్పింది. మా నాన్న డయాలసిస్ మీద ఎలా బతికాడో కళ్ళారా చూసినదాన్ని. ఆ భయమంతా తీసుకెళ్ళి మా ఆయన మీద కక్కాను.

నేను సింగపూర్‌లో, చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకులో పనిచేస్తాను. ఆయనది ఇంటి నుంచే పని, అందుకని వంట ఆయనదే. ఉప్పు తగ్గించమని డాక్టరమ్మ అన్న రోజే ఆయన ఉప్పు డబ్బా కడిగి బోర్లించేశారు. మూడు నెలలపాటు తనూ నాతోపాటు ఆ చప్పిడి కూడే తిన్నారు.

నేను నమ్మితేగా! మిషన్ తగ్గనప్పుడల్లా ఆయన మీద విరుచుకుపడేదాన్ని. "చాటుగా ఉప్పేస్తున్నారు కదూ? నా కిడ్నీలు పోతేగానీ మీ కడుపు చల్లబడదా?"

"చిటికెడు కూడా వెయ్యలేదే," అని తలొంచుకుని తినేవారు.

ఒకరోజు కంచం తీసుకెళ్ళి సింకులో పడేశాను. "అమ్మా, ఇనఫ్ లా, ఇక చాలు! నాన్న ఏం చేశారు?" అని మా అమ్మాయి ఏడ్చింది. అయినా నేను తగ్గలేదు.

మొన్న క్లినిక్‌కి అమ్మాయి కూడా వచ్చింది. వేరే మందులేమైనా వాడుతున్నారా అని డాక్టరమ్మ మళ్ళీ అడిగింది. లేదని ఎన్నిసార్లు చెప్పాలని విసుక్కున్నాను. అమ్మాయి నా హ్యాండ్‌బ్యాగులోంచి ఒక బిళ్ళల షీటు తీసి టేబుల్ మీద పెట్టింది.

"అది మందేమిటే, మోకాలి నొప్పి బిళ్ళ!" అన్నాను.

నిరుటి నుంచీ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకుంటున్నాను. ఊరి నుంచి ఎవరొస్తున్నా నాలుగు షీట్లు తెమ్మంటాం, తలనొప్పని ఎవరన్నా ఒకటి చేతిలో పెడతాం. అదీ మందేనని మాలో ఎవరికి తోచింది? బీపీని పెంచేదీ, బీపీ మందుల్ని పని చెయ్యనివ్వనిదీ, కిడ్నీలకి చేటు చేసేదీ ఇదేనని డాక్టరమ్మ చెబుతుంటే నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపించింది. తెలివి తక్కువ మొహాన్ని!

ఇంటికొచ్చేసరికి ఆయన కంచాల్లో వడ్డించి ఉంచారు. "ఏమందే?" అన్నారు. అంతా చెప్పాను. ఆయన కంచంలోనైనా ఉప్పు వేద్దామని అలమర తీశాను. బియ్యప్పిండి వెనకాల ఉప్పు ప్యాకెట్ ఉంది, సీలు కూడా తియ్యలేదు.

"ఇది నా మొహాన కొట్టి నోరు మూయించొచ్చుగా!" అని అరిచాను.

"వాదిస్తే నీ బీపీ పెరుగుద్దని ఊరుకున్నా," అన్నారు.

ఏడుస్తూనే ప్యాకెట్ కత్తిరించి ఆయన పప్పన్నంలో చిటికెడు వేసి కలిపాను. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగారు.

"ఉప్పెక్కువైందే," అన్నారు.