ఉక్కు ముక్కు కార్లు

మొన్న కోసాడ్‌లో మా చెల్లె ఇంటికి పోతే, గడపలోనే మేనల్లుడి కొత్త ప్లాస్టిక్ కారు వాసన తగిలింది. ఆ వాసన నాకు పడదు. నేనెరిగిన కార్లకు నూనె తాగిన కర్ర వాసన, ఎర్ర రంగు వాసన, మా బాపు బీడీ వాసన ఉండేవి.

అప్పుడు మగ్గాల పనికి వలసొచ్చి జోల్వాలో ఉండేవాళ్ళం. బాపు పనిచేసే కార్ఖానాలో నాడెలతో పనిలేని కొత్త మగ్గాలు దిగాయి. పాత మగ్గాలు తుక్కు కింద భంగారుకు పోయాయి, వాటితోపాటే బాపు పనీ పోయింది. మగ్గంలో అటూ ఇటూ ఉరికి పోగు వేసే ఆ కర్ర నాడెలను, కొసలకు ఉక్కు మొనలున్నవాటిని, బాపు బస్తాల్లో ఇంటికి మోసుకొచ్చాడు. నడిమికి కోస్తే ఒక్కో నాడెకు రెండు కార్లు. అరిగిన చెప్పుల రబ్బరు చక్రాలు, సైకిల్ పుల్లల ఇరుసులు, ముందు తళతళలాడే ఉక్కు ముక్కు. అన్నం పెట్టిన నాడెను కోయాలంటే ఆయనకు చేతులొచ్చేవి కావు, ప్రతిదాన్నీ కళ్ళకద్దుకున్నాకే రంపం పెట్టేవాడు. వానాకాలమంతా రంగు ఆరక, మంచాల కింద, పొయ్యి పక్కన, ఎక్కడ కాలు పెడితే అక్కడ కార్లే. బతుకమ్మకు అమ్మ చేసిన మలీద ముద్దలకు కూడా రంగు వాసనే. దీపావళి ముందు రింగ్ రోడ్ ఫుట్‌పాత్ మీద పరిస్తే, పిల్లలు ఆ ముక్కు చూసే ఆగేవాళ్ళు.

"పిల్లలు ఆడేటియి, జర ఆ ముల్లు తీసెయ్యరాదు?" అనేది అమ్మ.

"ముక్కు తీస్తే ఇగ కారేంది, కట్టెముక్క" అనేవాడు బాపు.

సాలోళ్ళ ఇంట్లో నాడెకు కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలి. మాకు అన్నం తినడంకన్నా ముందు నేర్పింది అది. ఒక ఏడు దసరా పొద్దున చెల్లె కొత్త లంగాలో వాకిట్లోకి ఉరుకుతుంటే ఆరబెట్టిన కారుకు కాలు తగిలింది. ఎవరూ చెప్పకముందే వంగి, రెండు చేతులతో తీసి, బుద్ధిగా కళ్ళకద్దుకుంది. ఆ ఉరుకులోనే ముక్కు ఆమె కుడికంట్లో దిగింది.

ఆ కన్ను దక్కలేదు. బాపు మిగిలిన కార్లన్నీ బస్తాలకెత్తాడు. నాడెను కాల్చకూడదు, అమ్మడానికి మనసొప్పలేదు, అందుకని తాపీ నదిలో వదిలాడు. అవి మునగక చక్రాలు పైకి తేలి, సగం ఒడ్డుకే తిరిగొచ్చాయి. మా బాపు ఏడవడం నేను చూసింది అక్కడే. తర్వాత ఇంకో కార్ఖానాలో కూలికి చేరాడు, మళ్ళీ ఒక్క బొమ్మ చేయకుండానే పోయాడు. ఇప్పుడు జోల్వాలో వెతికినా ఒక్క నాడె దొరకదు.

మొన్న నాకు చాయ్ తెస్తూ చెల్లె, కొడుకు కారుకు కాలు తగిలి ఆగింది. గ్లాసు కింద పెట్టి, కారు తీసి కళ్ళకద్దుకుంది.

"మమ్మీ, ఖిలౌనా కదా అది, దండమెందుకు?" అని నవ్వాడు వాడు.

"కాలు తాకింది బిడ్డా" అంది చెల్లె. ముందు అద్దుకుంది కుడికంటికే.